కొండదారిలో వెనకబడ్డవాళ్లు

మహాభారతం చివర ఒక కొండ నడక ఉంది. రాజ్యం వదిలి హిమాలయం వైపు బయల్దేరినవాళ్లు ఆరుగురు: అయిదుగురు అన్నదమ్ములు, ద్రౌపది. ఏడోది కుక్క. దాన్ని ఎవరూ పిలవలేదు, తనే వెంటపడింది. ఆ కుక్క సంగతి మనందరికీ గుర్తుంటుంది. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే, కుక్కను వదిలి రానన్నాడు ధర్మరాజు. మెచ్చుకోదగ్గ మాటే. కానీ ఆ దారిలో మొదట పడిపోయింది ద్రౌపది. ఆమె కోసం ఆయన ఆగలేదు. ఎందుకు పడిందని భీముడు అడిగితే, ఆమెకు అర్జునుడి మీద పక్షపాతం, అందుకే పడిందని చెప్పి నడిచాడు. తర్వాత సహదేవుడు పడ్డాడు, తెలివి గర్వమట. నకులుడికి అందం గర్వం. అర్జునుడు గొప్పలు చెప్పుకున్నాడు. అడుగుతూ వచ్చిన భీముడు కూడా పడ్డాడు, అతనికీ ఒక తప్పు సిద్ధంగా ఉంది.

పడ్డ ప్రతి ఒక్కరికీ ఒక కారణం దొరికింది, ఒక్కరికీ చెయ్యి దొరకలేదు. ఈ వరస మనకు కొత్త కాదు. వెనకబడ్డవాడు తన తప్పు వల్లే వెనకబడ్డాడు, ఈ జన్మలో తప్పు కనబడకపోతే పోయిన జన్మలో వెతుకు అనే లెక్క ఇది. బాబాసాహెబ్ ‘ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’లో పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని పట్టుకుని అడిగింది ఇదే. బీదవాడి స్థితికి బీదవాడే కారణమైతే, సమాజం, ప్రభుత్వం చేతులు దులుపుకోవచ్చు కదా అని. అందుకే ఆయన దాన్ని బుద్ధుడి ధమ్మం నుంచి వేరు చేశాడు.

దీని పక్కన వినయ పిటకంలోని ఒక చిన్న ఘటన పెట్టి చూడండి. బుద్ధుడు ఆనందుణ్ణి వెంటబెట్టుకుని భిక్షువుల వసతులు చూస్తూ వెళుతుంటే, అతిసారంతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువు కనబడ్డాడు. పక్కవాళ్లు ఎందుకు చూడలేదంటే, ఇతను మాకేమీ ఉపయోగపడడు కాబట్టి అన్నారు. బుద్ధుడు నీళ్లు పోశాడు, ఆనందుడు ఒళ్లు కడిగాడు, ఇద్దరూ ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. అతనికి ఈ జబ్బు ఏ తప్పు వల్ల వచ్చిందన్న ప్రశ్న అక్కడ రాలేదు. నన్ను చూసుకోవాలనుకునేవాడు రోగిని చూసుకోవాలని మాత్రం ఆయన చెప్పాడు.

ఇక ఆ కుక్క. చివరికి అది కుక్క కాదని, సాక్షాత్తు యమధర్మరాజే ఆ రూపంలో వచ్చాడని తేలుతుంది. కథ చెప్పినవాడు అక్కడ పాడు చేశాడని నా అభిప్రాయం. వదిలి రానన్న క్షణంలో ధర్మరాజుకు ఆ రహస్యం తెలియదు. ఆ ఒక్క క్షణం వరకు ఆయన మనకూ గౌరవనీయుడే. తర్వాత కథకు ధైర్యం చాలలేదు. ఉత్త కుక్క కోసం స్వర్గం వదులుకున్నాడంటే వినేవాళ్లు ఒప్పుకోరని భయపడి, దాని లోపల దేవుణ్ణి పెట్టింది. అది నిజంగా కుక్కే అయి ఉంటే?

ఇప్పుడు ఈ కథ ఎందుకంటే, మా భిలాయిలో యువ జంటలు ఈమధ్య రెండు రోజుల సెలవు దొరికితే సంచులు భుజాన వేసుకుని కొండలకు పోతున్నారు. కొందరు డోంగర్‌గఢ్ వెళతారు. అక్కడ ఒక కొండ మీద వెయ్యికి పైగా మెట్లెక్కితే బమ్లేశ్వరి గుడి, మరో కొండ ప్రజ్ఞాగిరి మీద ఆరుబయట కూర్చున్న పెద్ద బుద్ధ విగ్రహం. ఇంకొందరు కవర్ధా దాటి మైకల్ కొండల్లోకి, చిల్పీ ఘాట్ వైపు పోతారు. పెంచుకున్న కుక్కనూ తీసుకెళతారు. సెక్టర్ 4లో మా వీధి పెద్దాయన ఒకాయనకు ఇది మింగుడు పడలేదు. కర్మాగారం కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. ఆయన హేళన చేయలేదు, బాధగానే అన్నాడు: “మా ఊళ్లో బావి గట్టున కుక్క నీళ్లు తాగితే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. మా అమ్మ మాత్రం కడవతో దూరంగా నిలబడి, ఎవరో ఒకరు పోసేదాకా చూసేది. ఇప్పుడు మన పిల్లలు కుక్క కోసం సీసాలో నీళ్లు మోసుకుపోతున్నారు. ఇదేం వేడుక బాబూ?”

ఈ మాటను చులకనగా తీసెయ్యలేం. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుల్ని ఊరి బయట ఉంచమంది, కుక్కలు, గాడిదలే వాళ్ల ఆస్తి అంది. కుక్కనూ మనల్నీ ఒకే గాటన కట్టింది వాళ్లు. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందితో చవదార్ చెరువు నీళ్లు తాగారు. పశువులు, పక్షులు తాగినా మైలపడని చెరువును, మనం తాగాక పంచగవ్యంతో నూటెనిమిది కుండలు పోసి ‘శుద్ధి’ చేశారు. ఆ తరం మనిషికి కుక్క కనబడితే ఆ పోలిక గుర్తుకు రావడం సహజం.

అయితే ఆ పోలికలోని నేరం ఎవరిది? కుక్క నీళ్లు తాగడం ఏనాడూ అన్యాయం కాదు. మనిషిని తాగనివ్వకపోవడం అన్యాయం. మహాడ్‌లో కుక్కల్ని కూడా ఆపండని ఎవరూ అడగలేదు. నిజానికి ఊరవతల మన గుడిసె గుమ్మంలో ముడుచుకుని పడుకున్నది ఆ కుక్కే. మనుషులెవరూ తొక్కని వాడలోకి అది మాత్రం ఏ మైలా చూడకుండా వచ్చింది.

పెద్దాయనకు నేను చెప్పిన కథ కుక్కుర జాతకం, జాతక కథల్లో 22వది. రాజుగారి రథం తోలు పట్టీలు రాత్రికి రాత్రి ఎవరో కొరికేశారు. కోటలోని మేలుజాతి కుక్కలే ఆ పని చేశాయి. కానీ నేరం ఊరి కుక్కల మీద పడింది, కనబడ్డ కుక్కనల్లా చంపమని ఆజ్ఞ అయింది. శ్మశానంలో ఉండే ఒక కుక్క, అదే బోధిసత్వుడు, నేరుగా సభకు వెళ్లి రాజును ప్రశ్నించింది. అన్ని కుక్కల్నీ చంపిస్తున్నావా, కొన్నిటిని వదిలావా? కోట కుక్కల్ని వదిలానన్నాడు రాజు. దోషి ఎవరో తెలియకముందే పుట్టుక చూసి కొందరిని వదిలి, దిక్కులేనివాళ్లను చంపడం న్యాయమా అంది. మజ్జిగలో దర్భ గడ్డి కలిపి కోట కుక్కలకు పట్టించింది, అవి కక్కితే తోలు ముక్కలు బయటపడ్డాయి.

ఇందులో కుక్క లోపల దేవుడు లేడు. కుక్కగానే వచ్చింది, కుక్కగానే వాదించింది. వాదించింది కూడా దయ కోసం కాదు, పుట్టుకను బట్టి శిక్ష వేయడం తప్పని. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని సుప్రీంకోర్టు ధర్మాసనం ఆదేశించి, రెండు వారాల లోపే ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించినప్పుడు నాకు ఈ జాతకమే గుర్తొచ్చింది. (కుక్క కాటుకు బలయ్యేది ఎక్కువగా బయట ఆడుకునే బీదపిల్లలే, ఆ బాధ కూడా అబద్ధం కాదు. ఆ చర్చ ఇంకోసారి.)

బాబాసాహెబ్ కరుణకూ మైత్రికీ మధ్య గీసిన గీత ఇక్కడ పనికొస్తుంది. కరుణ మనుషుల పట్ల ప్రేమ, బుద్ధుడు అక్కడ ఆగలేదు, మైత్రి సమస్త ప్రాణుల పట్ల ప్రేమ అని రాశారాయన. మనుషుల వంతు పూర్తయ్యాక మిగిలింది జంతువులకు పెట్టాలని కాదు దాని అర్థం. ఒకరికి పెడితే ఇంకొకరికి తరిగేది కాదది.

విహారయాత్ర మనకు తగదన్న మాటకు జవాబు ఇంకా సూటిగా ఉంది. 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించారు. ఆ బిల్లు తెచ్చినప్పుడు కేంద్రంలో కార్మిక శాఖ బాబాసాహెబ్‌ది. యంత్రం మనిషికి తీరిక ఇవ్వాలి, తీరిక లేనిదే సంస్కృతి లేదని గాంధీవాదంతో వాదించింది కూడా ఆయనే. భిలాయిలో ఏ షిఫ్టు అయినా ఎనిమిది గంటలే అంటే, ఆ తర్వాతి గంటలు మనవని ఎవరో పోరాడి చెప్పబట్టే. దల్లీరాజహరా కొండల్ని తవ్వి తెచ్చిన రాయిని కరిగించే ఊళ్లో ఉన్నవాడికి, ఏడాదికోసారి తవ్వని కొండ ఒకటి చూడాలనిపిస్తే తప్పేముంది?

ఇక మొదట వదిలిన మనిషి దగ్గరికి, తోడు నడిచే మనిషి దగ్గరికి వద్దాం. పాత కథల్లో సిద్ధార్థుడు నిద్రపోతున్న యశోధరను చూసి, చెప్పకుండా వెళ్లిపోతాడు. ఆయన గుర్రం కంథకం ఎడబాటు భరించలేక చనిపోయిందంటారు. బాబాసాహెబ్ ఈ ఘట్టాన్ని ఒప్పుకోలేదు. ఆయన రాసిన ప్రకారం శాక్యులకూ కోలియులకూ రోహిణీ నది నీళ్ల మీద తగువు వచ్చింది, సిద్ధార్థుడు యుద్ధం వద్దన్నాడు, దాని ఫలితంగా దేశం వదలాల్సి వచ్చింది. ఆ సంగతి యశోధరకు చెప్పాడు. ఆమె ఒప్పుకుంది. రాహులుడు లేకపోతే నేనూ వచ్చేదాన్నని అంది. పండితులు దీన్ని చరిత్ర కాదంటారేమో. నాకు కనబడేది వేరు. నిద్రలో వదిలేసిన ఆడమనిషి ఇక్కడ మేలుకుని, మాట్లాడి, నిర్ణయంలో పాలుపంచుకుంది. ద్రౌపదికి ఆ నడకలో ఒక్క మాట కూడా లేదు.

మంచి స్నేహం ధమ్మజీవితంలో సగం కదా అని ఆనందుడంటే, సగం కాదు, మొత్తం అదే అన్నాడు బుద్ధుడు. కలిసి నడిచేవాళ్ల మధ్య ఆ మాట ఎలా ఉంటుందో నేను పుస్తకంలో కంటే దారిలో ఎక్కువ చూశాను. కిందటి చలికాలం నేను, మా ఆవిడ, మా క్వార్టర్ మెట్ల కింద పుట్టిన నల్లకుక్క కలిసి మైకల్ కొండల అంచున రెండు రోజులు తిరిగాం. దాని పేరు కాలూ. హిందీవాళ్లు పెట్టిన పేరు, ఊరి నుంచి వచ్చే చుట్టాలు మాత్రం ‘ఏ కాలు, కుడిదా ఎడమదా?’ అని నవ్వుతారు. ఎక్కేటప్పుడు ఆయాసంతో వెనకబడేది నేను. దిగేటప్పుడు మోకాలు నొప్పితో వెనకబడేది మా ఆవిడ. కాలూ ముందుకు పరిగెత్తి, ఆగి, వెనకబడ్డ మనిషి దాకా వచ్చి, మళ్లీ ముందుకు పోయేది. మేం ఒక మైలు నడిస్తే అది రెండు మైళ్లు నడిచి ఉంటుంది. అది చదువుకున్న మైత్రి కాదు, మందలో బతికే జంతువుకు పుట్టుకతో వచ్చిన అలవాటు. దానికి బోధిసత్వుడి కిరీటం పెట్టను. కానీ ఎవరెందుకు వెనకబడ్డారన్న విచారణ దానికి అక్కర్లేకపోయింది.

దాన్ని తీసుకెళ్లడానికి మేం కారు మాట్లాడుకోవాల్సి వచ్చింది. రైల్లో కుక్కను పక్కన ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనదై ఉండాలి, లేకపోతే గార్డు పెట్టెలోని బోనులో వెయ్యాలి. మెట్ల కింద పుట్టిన కుక్కకు టికెట్ దగ్గర కూడా తరగతి అడ్డొచ్చింది.

రాత్రి మేం ఉన్న ఊళ్లో ఇంటివాళ్లు ఒకటే అడిగారు, కుక్కను కట్టేయమని. వాళ్లకు కోళ్లున్నాయి, మేకపిల్లలున్నాయి. మనకు ప్రాణమిత్రమైన జంతువు వాళ్ల కోడికి మృత్యువు. మైత్రి గురించి రాసేవాళ్లు ఈ ముక్క దాటేస్తుంటారు. భిక్షువులకు వర్షావాసం నియమం ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. వానల్లో తిరుగుతూ పచ్చగడ్డిని, చిన్న ప్రాణుల్ని తొక్కుతున్నారని జనం తప్పుబట్టారు. బుద్ధుడు వాళ్లతో వాదించలేదు, ఆ నెలల్లో నడక ఆపించాడు. ధమ్మ ప్రచారానికే ఆ హద్దు ఉంటే మన సరదా ప్రయాణానికి ఉండదా? 2018లో గిర్ అడవిలో కొన్ని వారాల్లో 23 సింహాలు చనిపోయాయి, వాటిలో కొన్నిటికి కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ వైరస్ సోకినట్టు పరీక్షల్లో తేలింది. అభయారణ్యం గేటు దగ్గర కుక్కను లోపలికి రానివ్వకపోతే అది మన కుక్కకు అవమానం కాదు. అక్కడ లోపలున్నవాళ్ల ఇల్లది. టీకాలు వేయించి, మెడకు తాడు కట్టి, అడవి బయటి దారుల్లో తిప్పుకోవాలి. కొండకు వెళ్లడమా, కుక్కతో ఉండడమా అని తేల్చుకోవాల్సి వస్తే, కొన్నిసార్లు కొండనే వదులుకోవాలి. ధర్మరాజు స్వర్గాన్ని వదులుకుంటానన్నాడు కదా, మనకు అడిగింది అంతకంటే చాలా తక్కువ.

విశాఖ దగ్గర తొట్లకొండకు ఆ పేరు భిక్షువులు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. ఆ సంగతి చెప్పాక మా పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా వైపు ఒక విహారంలో వందన జరిగేటప్పుడు కుక్కల్ని రానివ్వాలా అన్న చర్చ వచ్చింది. హాల్లోకి వద్దని ఎక్కువమంది అన్నారు, నేనూ అన్నాను, పిల్లలు భయపడతారు. చెప్పులు విడిచే చోట ఒక మట్టి తొట్టి పెట్టాలని ప్రతిపాదించింది ఆయనే. తొట్టి పెట్టారు. రోజూ నీళ్లు ఎవరు నింపాలన్నది కమిటీలో ఇంకా తేలలేదు, ప్రస్తుతానికి ముందు వచ్చినవాళ్లు నింపుతున్నారు.