పేరు వెనుక మొక్కు

మనుషుల పేర్లలో చాలావాటి పుట్టుక ఒక మొక్కులోనో, ఒక కృతజ్ఞతలోనో ఉంటుంది. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం చుట్టుపక్కల ఏ బడి హాజరుపట్టీ తెరిచినా ఈ సంగతి తెలుస్తుంది. మొగిలి గుడిలోని మొగిలీశ్వరుని పేరు మీద మొగిలప్ప, కాణిపాకం వరసిద్ధి వినాయకుని పేరు మీద వినాయకం, జాతరలందుకునే గంగమ్మ పేరు మీద గంగులప్ప. మునెమ్మ, మునస్వామి, మునిరత్నం వంటి పేర్లు చిత్తూరు వైపు ఎక్కువ. వాటికి మూలం పొలిమేరల్లో చెట్టు కింద కొలువుండే మునీశ్వరుడు. చెంగల్రాయులు అన్నది తిరుత్తణి కుమారస్వామి పేరు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ ఏడు అది మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది గానీ, చెంగల్రాయులు మాత్రం ఇక్కడి ఇళ్ళలోనే ఉండిపోయాడు.

ఈ పేర్ల నడుమనే యోహాను, దానియేలు, సమూయేలు, ఎస్తేరమ్మ కూడా ఉన్నారు. పేర్లు దూరదేశానివే అయినా, అవి పుట్టిన తీరు మన ఊళ్ళకు కొత్తది కాదు.

హీబ్రూ పేరు చాలాసార్లు ఒక చిన్న వాక్యం. చివరనున్న ‘ఏలు’ అంటే దేవుడు. దానియేలు అంటే దేవుడే నాకు న్యాయాధిపతి అని అర్థం. ఇష్మాయేలు అంటే దేవుడు ఆలకిస్తాడని. యోహాను అంటే యెహోవా కృప చూపాడని. యెహోషువ అంటే యెహోవాయే రక్షణ అని. యేసు అన్నది ఈ యెహోషువ పేరుకే తరవాతి కాలపు రూపం.

కొన్ని పేర్లకు బైబిలే కథ చెబుతుంది. బిడ్డలు లేక కుమిలిపోయిన హన్నా దేవాలయంలో ఏడ్చి మొక్కుకుంది. కొడుకు పుట్టాక, దేవుణ్ణి అడిగి పొందిన బిడ్డ గనుక సమూయేలు అని పిలుచుకుంది. ముసలితనంలో కొడుకు పుడతాడంటే శారా నవ్వింది. ఆ కొడుకు పేరు ఇస్సాకు, అంటే నవ్వు. కాన్పులో ప్రాణం పోతున్న రాహేలు తన బిడ్డను బెనోని, నా దుఃఖపు కొడుకు, అన్నది. తండ్రి యాకోబు ఆ పేరు మార్చి బెన్యామీను, కుడిచేతి కొడుకు, అని పిలిచాడు. బిడ్డ జన్మంతా దుఃఖాన్ని పేరుగా మోయకూడదని ఆ తండ్రి కోరిక కాబోలు.

బిడ్డ బతకాలన్న ఆరాటం మన పేర్లలోనూ ఉంది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, తరవాతి బిడ్డను కుప్ప మీద పొర్లించి ఎత్తుకుని కుప్పయ్య, కుప్పమ్మ అని పేరు పెట్టేవారు. పనికిరానిదనుకుని మృత్యువు ఆ బిడ్డ జోలికి రాదని వారి ఆశ. తెలంగాణలో పెంటయ్య, పెంటమ్మ అన్న పేర్లూ ఇలా వచ్చినవే. చెవికి మొరటుగా తోచే ఈ పేర్ల వెనుక, కడుపుకోత తిన్న తల్లి చేసిన మొక్కు ఉంది.

బైబిలు పేర్లు తెలుగునేలకు ఒకే దారిన రాలేదు. తెలుగు బైబిలు ద్వారా వచ్చినవి యాకోబు, దావీదు, సొలొమోను, అబ్రాహాము. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా ముస్లిం ఇళ్ళకు చేరినవి యాకూబ్, దావూద్, సులేమాన్, ఇబ్రహీం. ఇంగ్లీషు నోట వచ్చినవి జేకబ్, డేవిడ్, సాల్మన్. మదనపల్లెలో 1863 నుంచి పనిచేసిన అమెరికా మిషనరీ జేకబ్ చాంబర్లేన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షత వహించారు. ఆయన సొంత పేరు ఆ బైబిలులో యాకోబు. ఒకే వీధిలో యాకోబు, యాకూబ్, జేకబ్ ఉంటే, ఆ ముగ్గురికీ ఉన్నది ఒక్కటే పేరు. వినుకొండలో 1895లో పుట్టిన మహాకవి గుర్రం జాషువ పేరూ ఇలాంటిదే. అది యెహోషువకు ఇంగ్లీషు మీదుగా వచ్చిన రూపం.

క్యాథలిక్కుల ఇళ్ళలో మరో దారి కనిపిస్తుంది. తమిళసీమలో పునీతుల పేర్లను అర్థాన్ని బట్టి దేశభాషలోకి మార్చుకున్నారు. పౌలు అంటే లాటిన్‌లో చిన్నవాడు, అందువల్ల చిన్నప్ప. యోహాను పేరులో కృప ఉంది, తమిళంలో కృప అంటే అరుళ్, అందువల్ల అరుళప్ప. 1970ల నుంచి చాలాకాలం హైదరాబాదు ఆర్చిబిషప్పుగా ఉన్న సామినేని అరుళప్పది ఈ పేరే. పేతురు అంటే గ్రీకులో రాయి. ఆయనను రాయప్ప అంటారు, తెలుగు చెవికి అందులో రాయే వినిపిస్తుంది. జూన్ 29న వచ్చే పేతురు, పౌలుల పండుగను తెలుగు క్యాథలిక్కులు రాయప్ప చిన్నప్పగార్ల పండుగ అని పిలుచుకుంటారు. అర్థాన్ని బట్టి కాక పలుకుబడిని బట్టి మారిన పేర్లూ ఉన్నాయి. జోసెఫ్ జోజప్ప అయ్యాడు, ఇగ్నేషియస్ ఇన్నాసి అయ్యాడు, ఫ్రాన్సిస్ జేవియర్ శౌరి అయ్యాడు. శౌరి అన్నది శ్రీకృష్ణునికీ పేరే.

దేవసహాయం అన్న పేరు కూడా ఇలా అనువాదమై వచ్చిందే. కన్యాకుమారి ప్రాంతపు నీలకంఠ పిళ్ళై 1745లో జ్ఞానస్నానం పొంది లాజరు అన్న పేరు తీసుకున్నారు. లాజరు అంటే దేవుడు సాయపడ్డాడని. దానికి తమిళంలో దేవసహాయం అన్నారు. 1752లో విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన ఆయనను 2022లో పునీతుడిగా ప్రకటించారు. తెలుగు క్రైస్తవులు ఇంకో అడుగు వేసి, పాత పేరును మార్చుకోవడంతో ఆగక కొత్త పేర్లే కల్పించుకున్నారు. కృపావరం, ఆశీర్వాదం, సువార్తమ్మ, సంతోషమ్మ, దీవెనమ్మ ఆ కోవలోనివి.

ఈ పేర్లన్నిటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. దేవుడు ఇచ్చిన బిడ్డ అని చెప్పడానికి ఒక ఇంట్లో దేవదానం అంటారు, ఒక ఇంట్లో వరప్రసాద్ అంటారు, ఇంకొక ఇంట్లో అల్లాబక్షు అంటారు. బైబిలులోని నతనయేలుకూ ఇదే అర్థం. మతాలు వేరు, భాషలు వేరు, బిడ్డను చేతుల్లోకి తీసుకున్నప్పటి కృతజ్ఞత మాత్రం ఒకటే. కాబట్టి పేరు విని మనిషిని వేరు చేయడం కంటే, ఆ పేరుకు అర్థమేమిటో అడిగి తెలుసుకోవడం మేలు.

ఈ రోజుల్లో వినసొంపుగా ఉంటే చాలని పేర్లు ఎంచుకునేవారు ఎక్కువయ్యారు. కుప్పమ్మ, మునెమ్మ అన్న పేర్లు చెప్పుకోవడానికి పిల్లలు బిడియపడుతున్నారు. ఇంట్లో పెద్దలుండగానే వారి పేర్లు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగాలి. చెప్పేవారు పోయాక పేరు మిగులుతుంది గానీ, దాని వెనుక ఉన్న మొక్కు ఎవరికీ తెలియకుండా పోతుంది. తెలుసుకున్న పిల్లలకు అవ్వ పేరు చెప్పడానికి బిడియం ఉండదు.