పొరుగు ప్రార్థన

బాప్టిస్టు సంఘస్థుడు లూథరన్ ఆరాధనలో కూర్చుంటే స్వవిశ్వాసానికి ద్రోహమా? సిద్ధాంతభేదం లేకపోలేదు. లూథరన్లు పసిబిడ్డలకూ బాప్తిస్మమిస్తారు. బాప్టిస్టులు విశ్వసించినవారికే ఇస్తారు. కాని ఆంధ్రదేశంలో ఈ గోడకు మరో పునాది కూడా ఉంది. 1878లో ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. వారిలో అత్యధికులు మాదిగలు. గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘంలో మాలలు ఎక్కువ. ఆ విధంగా మిషన్ల సరిహద్దు చాలాచోట్ల పేటల సరిహద్దయింది.

పొరుగు చర్చికి వెళ్ళినంతమాత్రాన నమ్మకం మార్చుకోనక్కరలేదు. మనస్సాక్షి ఒప్పకపోతే ప్రభు భోజనం తీసుకోకపోవచ్చు. అయితే ఆ నిరాకరణకు కారణం వాక్యమా, కులమా? వాక్యమైతే అది గౌరవించదగిన భేదమే. కులమైతే, దానికి విశ్వాసమని పేరు పెట్టడమే అసలు ద్రోహం.