పెరటి గడ్డి, పరాయి గుర్రం

మా యిల్లు అమీర్‌పేటలో, పంజాగుట్ట వైపు పోయే సందుల్లో ఒకదానిలో వున్నది. చుట్టూ హాస్టళ్ళూ కోచింగు సెంటర్లూ అంతస్తుల మీద అంతస్తులు లేచినా, మా యింటి వెనుక సుమారు 100 గజాల పెరడు ఎట్లాగో మిగిలిపోయింది. కిందటి ఆషాఢంలో ఒక కుర్రవాడు గేటు ముందు నిలబడి, “సార్, మీ ఎన్క గడ్డి మస్తుగ పెరిగింది. మా తట్టును జర మేపుకోమంటరా?” అని అడిగాడు.

అతను పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తోలుకొనిపోయేవాడు. ఆషాఢంలో ముహూర్తాలుండవు. ముహూర్తాలు లేనంత మాత్రాన గుర్రానికి ఆకలి వేయకుండా పోదు. సరేనన్నాను. ఆనాటి సాయంత్రం నా మనస్సు మహా ప్రసన్నంగా వున్నదని దాచకుండా చెప్పుకోవాలి. యీ ప్రసన్నత యెక్కడినుండి వచ్చిందో విచారించడమే యీ వ్యాసం.

లెక్క చూద్దాము. ఏటా ఆ గడ్డి కోయించడానికి కూలి యిచ్చేవాణ్ణి, యీసారి యివ్వలేదు. గుర్రపు లద్ది గులాబీలకు ఎరువయింది. వీటికి తోడు ఆ కుర్రవాడు కనబడినప్పుడల్లా దణ్ణం పెట్టేవాడు. మూడోనాడు గ్యాసు బండ లోపలికి మోయమన్నాను, మోశాడు. నాకేమీ తప్పనిపించలేదు. గడిలో వెట్టి చేయించుకొన్న దొరకూ తప్పనిపించి వుండదు. పోలిక పెద్దదే, కాని బండ మోయించింది నేనే గదా!

గడ్డి మాటకు వస్తే, 200 కిలోల తట్టువకు రోజుకు సుమారు 4 కిలోల ఎండుమేత కావాలి; పచ్చిగడ్డి అయితే అంతకు నాలుగైదు రెట్లు. మా పెరడంతా వారం దినాల మేత. నేను చేసిన మేలు ఆపాటిది.

మొదటిరోజున అతను పలుపు విప్పకముందే పెరడంతా ఒకసారి కలయదిరిగాడు. గన్నేరు చెట్టు దగ్గర ఆగి, “ఇది తింటే చస్తది సార్, గుప్పెడాకులు చాలు” అన్నాడు. మూల పడివున్న పాత తడికను తెచ్చి దానికి అడ్డం కట్టాడు. కోసి కుప్పవేసిన గడ్డిని ముట్టనివ్వలేదు. అది మాగితే కడుపు ఉబ్బుతుందట. గుర్రం తిన్నదాన్ని వాంతి చేసుకోలేదు గనుక, పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. పూజపూల కోసం యేళ్ళ తరబడి పెంచుకొన్న చెట్టు. గన్నేరు విషమని నాకు తెలియనిది కాదు. గుర్రం తల ఎత్తు ఎంతో, ఆ ఎత్తున ఏ కొమ్మ వేలాడుతున్నదో చూడడం మాత్రం నాకు తట్టలేదు. చదువుకొన్నవాడికి దయ కలిగింది. జాగ్రత్త చదువుకోనివాడి దగ్గర వున్నది.

నాలుగోనాడు పక్క అపార్టుమెంటువారు వచ్చారు. ఈగలు ముసురుతున్నాయన్నది వారి ఫిర్యాదు. అందులో ఒకాయన మాత్రం గుర్రం పక్కటెముకలు చూపించి, దాన్ని యిట్లా మాడ్చడం నేరమన్నాడు. నిజమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, జంతువుకు చాలినంత మేత, నీరు, నీడ యివ్వని యజమానిని శిక్షిస్తుంది. ఆ మేత మొలిచే నేల యెక్కడున్నదని అడగవలసిన పని చట్టానికి లేదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం చేసిన పశువుల అక్రమ ప్రవేశ చట్టమైతే గుర్రాన్నీ తట్టువనూ మాత్రమే గాక ఏనుగునూ ఒంటెనూ కూడా పశువుల జాబితాలో చేర్చి, పరాయి నేలలో మేసి నష్టం చేస్తే పట్టి బందెలదొడ్డికి తోలమన్నది. మేపకపోతే ఒక చట్టం, మేపబోతే మరొక చట్టం. నడుమ వుండవలసిన బంచరాయి మాయమయింది. తెలంగాణ పల్లెల్లో ఆ పేరుతో ఊరుమ్మడి మేతభూమి వుండేది. అక్కడ గుర్రం మేసినందుకు ఎవరికీ దణ్ణం పెట్టనక్కరలేదు, బండ మోయనక్కరలేదు.

రైన్ ప్రాంతపు శాసనసభలో, అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని దొంగతనం కింద కట్టే చట్టం గురించి జరిగిన చర్చలపై 1842లో మార్క్స్ వ్యాసాలు రాశాడు. ఆర్థిక ప్రశ్నల వైపు తనను తిప్పినవాటిలో ఆ చర్చలు కూడా వున్నాయని 1859లో తానే చెప్పుకొన్నాడు. యిది మనం విద్యార్థులకు యేటా చెప్పే పాఠమే. మా పెరట్లో జరిగినప్పుడు మాత్రం నేను గుర్తుపట్టలేదు.

అయితే ఒక చిక్కు వున్నది. దీన్ని మనవాళ్ళు సాధారణంగా దాటవేస్తారు. 1886లో అచ్చయిన ‘ఖొల్‌స్తొమేర్’ కథలో టాల్‌స్టాయ్ ఒక ముసలి గుర్రం చేత మాట్లాడించాడు. ‘నాది’ అనే మాటతో మనుషులకు యేమి పనో దానికి అంతుబట్టదు. మా తట్టువను ‘నాది’ అంటున్నవాడు పేదవాడు. ఆషాఢంలో వాడి ఆకలీ దాని ఆకలీ ఒకే పలుపుకు కట్టివున్నాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ ముడి విడిపోతుంది. నోట కళ్ళెం, నెత్తిన కుచ్చు, వీపున పెళ్ళికొడుకు, చెవి పక్కన టపాకాయలు; యిదంతా గుర్రం వంతు, బాడుగ అతని వంతు. పేదవాడి పక్షాన నిలబడినంత మాత్రాన గుర్రం పక్షాన నిలబడినట్లు కాదు. గుర్రం పేరు చెప్పి పేదవాడి మీద కేసు పెట్టిస్తే అప్పుడు దానికి మేత పెట్టేదెవరు? నాకు తోచినది యింతే: గడ్డి మీద హక్కు లేనివాణ్ణి కరుణ లేనివాడని నిందించే అర్హత, గడ్డి వున్న మనకు లేదు.

ఎనిమిదోనాటికి గడ్డి అయిపోయింది. వెళ్ళబోతూ అతను తడిక విప్పి, యెప్పటి మూలన పెట్టాడు. పలుపు రాపిడికి ఒక గులాబీ కొమ్మ విరిగిందని చెప్పి, తప్పయిందన్నాడు. అదేవారం ఒక బిల్డరు వచ్చి టేపుతో పెరడు కొలుచుకొని పోయిన సంగతి నేనతనికి చెప్పలేదు. అడగలేదు గనుక చెప్పలేదని సమాధానపడ్డాను. నాకు అద్దెకున్నవాడైతే నోటీసు యిచ్చేవాణ్ణి. దయ పుచ్చుకొన్నవాడికి నోటీసు యెవరిస్తారు?

కార్తీకంలో ఒక రాత్రి పంజాగుట్ట కూడలి దగ్గర ఊరేగింపు ఎదురైంది. దీపాల నడుమ, జనరేటరు రొదలో, అదే తట్టువ జరీగుడ్డ కప్పుకొని నిలబడి వున్నది. కళ్ళెం పట్టుకొన్న కుర్రవాడు నన్ను గుర్తుపట్టి, డప్పుల మీదుగా కేకవేశాడు: “సార్, వచ్చే ఆషాఢానికి గూడ తోల్కొస్త!”

బిల్డరుతో అగ్రిమెంటు మీద నేను సంతకం చేసి అప్పటికి పద్దెనిమిది రోజులు.

“రా” అన్నాను.