రుచికీ దయకీ పేచీ వుందా?

కాశీకి వెళ్ళినవాళ్ళు ఒక కాయో పండో అక్కడ వదిలేసి రావాలని మనలో ఆచారం. వదలవలసింది ఇష్టమైనదాన్ని. కానీ వెళ్ళొచ్చినవాళ్ళని అడిగి చూడండి. ఒకావిడ కాకరకాయ వదిలింది, ఇంకొకావిడ పొట్లకాయ వదిలింది. మామిడిపండు వదిలినవాళ్ళు ఎక్కడోగాని తగలరు. పుణ్యానికి పుణ్యమూ వచ్చింది, నాలుకకి నష్టమూ లేదు!

అందుకే ఇప్పటి వీగన్లని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. వీళ్ళు వదిలేది పొట్లకాయని కాదు. మాంసం, గుడ్లతోపాటు పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా! ఆ మాట పుట్టింది 1944లో ఇంగ్లండులో. డోనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, ఆయన తోటివాళ్ళూ పెట్టుకున్న పేరు. ఇప్పుడది మన ఇళ్ళల్లోకీ వచ్చింది. పెరుగన్నంతోగాని భోజనం ముగియని ఇంట్లో పిల్ల "నాకు పెరుగొద్దమ్మా" అంటే తల్లికి గుండె గుభేలుమంటుంది.

"ఆవుని చంపుతున్నామా ఏమిటే? పాలు తాగితే పాపమా?" అంటుంది.

కొట్టిపారెయ్యదగిన ప్రశ్న కాదు. కాని దానికి జవాబు మన పల్లెల్లో పెరిగినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టేవాళ్ళు. ఆ పిచ్చితల్లి గడ్డిదూడని నాకుతూ పాలు చేపేది. అవతల చెంబు నిండేది. ఎవరూ ఎవర్నీ చంపలేదు నిజమే. కాని అక్కడ ఏ తప్పూ జరగలేదని గుండె మీద చెయ్యి వేసుకుని అనగలమా?

సరే, పిల్ల పాలు మానేసింది. అంతటితో ఇల్లు ఊరుకుంటుందా? "అన్నీ వదిలేసినదానివి గంజి తాగి పడుండు. మళ్ళీ ఆ టోఫూలూ, మాంసంలాంటి ముక్కలూ ఎందుకు? నాలుకని చంపుకోలేనిది వైరాగ్యమెలా అవుతుంది?" అని పెద్దవాళ్ళ ఆక్షేపణ.

ఇక్కడే వుంది తిరకాసు. నోములూ ఉపవాసాలూ మనకోసం చేసుకునేవి. ఏకాదశినాడు నాలుకని కట్టేసుకోవడమే వ్రతం. అక్కడ రుచి శత్రువే, కాదనను. కాని దూడకోసం పాలు మానినప్పుడు లెక్క వేరు. నేను గంజి తాగితే దూడకి అదనంగా ఒరిగేదేమిటి? పనసపొట్టు కూర లొట్టలు వేసుకుంటూ తింటే దానికి పోయేదేమిటి? ఆ దయలో నా నాలుక ముద్దాయి కాదు. దానికి శిక్ష వెయ్యడం అన్యాయం.

కాబట్టి, సాహసం వున్న వీగన్లెవరైనా వచ్చి "ఒక్కసారైనా తిని తీరవలసినవేమిటి?" అని నన్నడిగితే గంజి పేరు ఎత్తను. ముందు మన గోదావరి వాళ్ళ పనసపొట్టు కూర, దించాక నూరిన ఆవ కలిపి. ఎండాకాలంలో లేత తాటిముంజెలు. పాతర వేసిన తాటిటెంకలు మొలకెత్తాక తవ్వి, తంపటి వేసిన తేగలు. తరవాత అరటిపువ్వు కూర. తరిగిన పువ్వు నల్లబడకుండా మనం మజ్జిగనీళ్ళల్లో వేస్తాం. వీళ్ళకోసం చింతపండునీళ్ళల్లో వేస్తే సరి. పూతరేకులు మాత్రం నెయ్యి వుందేమో అడిగి మరీ తినాలి.

ఊరు దాటితే జావాద్వీపం వాళ్ళ టెంపే వుంది. ఉడికించిన సోయాగింజలకి ఒక రకం బూజు పట్టించి, ఒకటి రెండు రోజుల్లో అచ్చులా గట్టిపడ్డాక వేయించుకు తింటారు. బూజంటే మనం మొహం చిట్లిస్తాం. రాత్రంతా పులిసిన పిండితో పొద్దున్నే ఇడ్లీ వేసుకునేవాళ్ళం మనమే మరి! చైనాలో బౌద్ధమఠాల వంటవాళ్ళు గోధుమపిండి ముద్దని నీళ్ళల్లో పిసికి కడిగి, మిగిలిన సాగే జిగురుతో అచ్చం మాంసంలాంటి వంటకాలు శతాబ్దాల కిందటే చేశారు.

"అది మోసం కాదూ?" అంటారు. గడ్డిదూడా మోసమే, గోధుమమాంసమూ మోసమే. కాని మొదటిదాంట్లో మోసపోయినది ఒక తల్లి. రెండోదాంట్లో తినేవాడికి సంగతంతా తెలుసు. తిండిలో తప్పొప్పులు చూడాలంటే ఎవరి నాలుకకి సంతోషం కలిగిందని కాదు, ఎవరికి నొప్పి కలిగిందని అడగాలి.

ఆ ప్రశ్న పశువుల దగ్గరే ఆగిపోకూడదని కూడా నా మనవి. పనసకాయ కొట్టాలంటే చేతులకి నూనె రాసుకోవాలి, అయినా జిగురు వదలదు. అరటిపువ్వులో ఒక్కొక్క చిన్న పువ్వునీ విప్పి, గట్టి కాడనీ పలచటి రెక్కనీ తీసెయ్యాలి. నలుగురికి వండాలంటే ఎంతసేపు కూచోవాలో చేసినవాళ్ళకే తెలుసు. గేదె కష్టానికి కన్నీళ్ళు పెట్టుకునే పిల్లలు, హాల్లో కూచుని "అమ్మా, ఇవాళ అరటిపువ్వు కూర చెయ్యవే" అని కేకేస్తే ఆ దయ సగమే పండినట్టు.

కత్తిపీట దగ్గరికి వచ్చి, అమ్మ పక్కన ఒక పీట వేసుకుని, సగం పువ్వు తను ఒలిచి, తరవాత కడుపారా తినమనండి. అప్పుడా కూరలో ఎవరి నొప్పీ వుండదు. పెరుగు వద్దన్నందుకు అమ్మకి కలిగిన బాధ కూడా చాలామటుకు అక్కడే తీరిపోతుంది.