వింత వార్తయు, చిన్న సంతోషమును

2020వ సంవత్సరము మే 14వ తేదీ గురువారము ఉదయమున హైదరాబాదునకు దక్షిణముననున్న కాటేదాన్‌లో, అండర్ బ్రిడ్జి యొద్ద, నడిరోడ్డుమీద ఒక చిరుతపులి పండుకొనియుండెను. కరోనా వ్యాధి నిమిత్తము దేశమంతట లాక్‌డౌన్ విధింపబడిన దినములవి. అడవిమృగము ఊరి నడుమ పడియుండుట చూచి జనులు గుంపుగూడిరి, పోలీసువారు వచ్చిరి. అంతలో అది లేచి, లారీ ఎక్కబోవుచున్న ఒక మనుష్యుని కాలు పట్టుకొనెను. అతడు ఎట్లో విడిపించుకొని బ్రతికెను. చిరుత దగ్గరనున్న తోటలోనికి పోయి కనబడకుండెను.

ఆ దినము ప్రొద్దుగ్రుంకక మునుపే ఈ వింత తెలుగునాడంతట వ్యాపించెను. కాటేదాన్ పేరు ఎన్నడును వినని పల్లెలవారు సహితము చేతి ఫోనులలో ఆ బొమ్మను చూచి, ప్రక్కవారికి చూపి, మరల చూచిరి.

ఇట్లు వింతలను ఒకరికొకరు చెప్పుకొనుట విశ్వాసికి తగునా యని సంఘములలో పెద్దలు కొందరు అడుగుచుందురు. అడుగుటయే గాదు, తగదని తామే తీర్పు చెప్పుదురు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో ఏథెన్సువారు క్రొత్త సంగతులు వినుటకును చెప్పుటకును తప్ప మరి దేనికిని తీరిక లేనివారని లూకా వ్రాసియున్నాడు గదా, మనము అట్టివారము కాకూడదు అందురు. మాట నిజమే. అయితే ఆ పెద్దలు అధ్యాయమును సగములోనే మూసివేయుచున్నారని నా తలంపు. పౌలు ఏథెన్సువారి ఆశను చూచి వారిని విడిచి పోలేదు. క్రొత్త మాట వినవలెనను వారి కోరికయే అతనిని అరేయొపగు మధ్య నిలువబెట్టినది. చెవి తెరచియుండుట పాపమైనయెడల సువార్త ఏ ద్వారమున లోపలికి రాగలదు?

వార్తను దాచుట తప్పగు సమయములును కలవు. రాజుల రెండవ గ్రంథము 7వ అధ్యాయము తెరచి చూడుడి. షోమ్రోను పట్టణము ముట్టడిలో ఆకలితో చచ్చుచున్నది. గవినియొద్ద కూర్చున్న నలుగురు కుష్ఠరోగులు చావునకు తెగించి సిరియనుల దండులోనికి పోగా, అక్కడ మనుష్యుడెవడును లేడు. వారు తిని త్రాగి, వెండి బంగారములు ఎత్తుకొనిపోయి దాచుకొనిరి. రెండవ గుడారములోనికి పోయివచ్చిన తరువాత వారి మనస్సు వారిని పొడిచినది. ఊరు ఆకలితోనుండగా మనము ఊరకుండుట మంచిది కాదని ఒకరితో ఒకరు చెప్పుకొని, రాత్రియే ద్వారపాలకుల యొద్దకు పోయిరి. వెలివేయబడినవారి నోటనే పట్టణమునకు బ్రదుకు వార్త వచ్చినది.

అయితే రాజు ఆ వార్త వినగానే జనులను తలుపులు తీసి పరుగెత్తనియ్యలేదు. అది శత్రువుల మాయయేమో యని గుఱ్ఱములిచ్చి మనుష్యులను పంపెను. వారు యొర్దాను వరకు పోయి, దారి పొడుగున పడియున్న వస్త్రములను సామానులను చూచి, తిరిగివచ్చి చెప్పిరి. ఆ తరువాతనే జనులు బయలుదేరిరి. వార్త మంచిదైనను చూచి రావలసినదే. చెడ్డదైనయెడల మరి యెంతగా చూడవలెను!

మన పల్లెలలో చాటింపు అనునది యుండెడిది. ఈ పత్రిక చదువు అనేకుల తాతముత్తాతలు డప్పు మెడకు వేసికొని వీధివీధి తిరిగి చాటినవారే. అది గౌరవముతో ఇచ్చిన పని కాదు, వెట్టిగా మోపిన పని. ఆ సంగతి మరువరాదు. అయినను ఆ చాటింపులో ఒక నీతి యుండెను. చాటువాని ముఖము అందరికి కనబడును. ఎవరి మాట తెచ్చినాడో అతడు ముందుగా చెప్పును. మాట అబద్ధమైనయెడల అతని గుడిసె ఎక్కడనో ఊరంతటికి తెలియును. కనుక అతడు తన మాటకు జవాబుదారి. ఇప్పుడు ఫోనులోనికి వచ్చు వార్తకు ముఖము లేదు. పంపినవానిని అడిగితే నాకును ఎవరో పంపిరి అనును. ఆ ఎవరో యెవరని వెదకిపోతిమా, దారికి తుది లేదు.

దీని ఫలము 2018 మే నెలలో మన రాష్ట్రము కన్నులార చూచినది. పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని ఫోనులలో వదంతి పుట్టి ఊరూర ప్రాకినది. ఆ నెలలోనే, కాటేదాన్‌కు కొద్ది దూరముననున్న చాంద్రాయణగుట్టలో, రంజాను దినములలో భిక్షకై పాలమూరు వైపునుండి వచ్చిన ఒక హిజ్రాను జనులు అనుమానించి కొట్టి చంపిరి. పిల్లలను కాపాడుచున్నామని అనుకొన్నవారే ఆ పని చేసిరి. వారిలో చాలమంది ఇండ్లలో మంచివారేయైయుందురు. వార్త తెచ్చినవాడెవడును రాయి పట్టలేదు, రాయి పట్టినవాడెవడును వార్తను చూచి రాలేదు.

ఆ దినములలోనే గద్వాల, వనపర్తి జిల్లాలలో ఎస్పీగానున్న రెమా రాజేశ్వరి గారు తమ పోలీసులను గ్రామములకు పంపి, ఇంటింట మాటలాడించి, డప్పుతోను పాటలతోను ఆ వదంతి అబద్ధమని చాటించిరి. అనామకమైన మాటను ముఖమున్న మనుష్యులు ఎదిరించిరి. అచ్చటి పల్లెలలో ఆ వదంతివలన ఒక్క ప్రాణమైనను పోలేదు. యొర్దాను వరకు పోయి చూచి వచ్చిన రౌతులు నాకు ఇక్కడ జ్ఞాపకము వచ్చుచున్నారు.

చిరుత వార్తను అందరు పంచుకొన్నారు గాని, దాని రెండవ సగమును ఎందరు పంచుకొన్నారు? ఆ యేడే అక్టోబరు నెలలో రాజేంద్రనగరు వైపున ఒక చిరుత బోనులో చిక్కెను. 2024 ఏప్రిల్ 28న శంషాబాదు విమానాశ్రయపు గోడ యొద్ద మరియొక చిరుత కనబడగా మరల అంతటను కలకలము పుట్టెను. అటవీశాఖవారు బోనులుంచి, మేకను ఎరగట్టి, మే 3న దానిని పట్టుకొని, జంతుప్రదర్శనశాలకు చేర్చి, పిమ్మట నల్లమలలోని అమ్రాబాదు అడవిలో విడిచిరి. భయము పుట్టించిన సగము రెక్కలు కట్టుకొని ఎగిరినది. మృగము తన అడవికి తాను చేరినదన్న సగము నడిచి కూడ రాలేదు. చెప్పినవానికి సంగతి ముగియువరకు చెప్పు బాధ్యత కలదని నేనెంచుచున్నాను. భయపెట్టి విడిచిపెట్టుట సగము అబద్ధమే.

ఇక చిన్న సంతోషముల మాట. పాలమూరు వైపు ఒక పల్లెలో ఒక తల్లి నాతో చెప్పినది వ్రాయుదును. ఆమె కుమారుడు కాటేదాన్‌లో బిస్కెట్ల కార్ఖానాలో పని. లాక్‌డౌన్ వచ్చి కార్ఖానా మూతబడగా, దారులు లేక, రేకుల గదిలో నలుగురితో నిలిచిపోయెను. చిరుత కనబడిన ఆ గురువారమున ఊరిలో పదిమంది ఆమెకు ఆ బొమ్మ చూపిరట. "నీ కొడుకున్న తావే గదమ్మా, చూడు చూడు!" అనిరట. ఏడు వారములనుండి కూలి లేక ఆ పిల్లవాడు ఏమి తినుచున్నాడో ఒక్కరును అడుగలేదు. రాత్రి కుమారుడు ఫోను చేసినాడు. "చిరుత వచ్చిందంట గద బిడ్డా?" అని ఆమె అడిగినది. "అది పోయింది తీయమ్మా. ఇయ్యాల పక్క అర్రల ఒడిశా పిల్లలు చేపల కూర వండిండ్రు. ఆవాలు నూరి ఏసిండ్రు. మాకొక గిన్నె ఇచ్చిండ్రు. మస్తుగుండె" అని అతడు చెప్పినాడు. పప్పు తిని తిని విసిగిన నోటికి ఆనాడు కూర దొరికినది. ఆ మాట విని ఆమె ఆ రాత్రి నిద్రపోయినది. అది జరిగి సంవత్సరము దాటిన తరువాత నాతో చెప్పుచున్నను, ఆ ఆవాల సంగతి మరువలేదు. చిరుత మాట నేనడిగిన తరువాతనే తీసినది.

ఇందులో నాకు తోచిన భేదమేమనగా, వింత వార్తను ఎవరికైనను చెప్పవచ్చును. బస్సులో ప్రక్కనున్నవానికి చెప్పవచ్చును, వాడు మన పేరెరుగనక్కరలేదు. చేపల కూర సంగతి అట్లు చెప్పలేము. నేను పప్పు తిని ఎన్నాళ్ళయినదో ఎరిగినవానికే అది సంతోషవార్త. లూకా 15వ అధ్యాయములోని స్త్రీ నాణెము దొరకగానే చెలికత్తెలను పొరుగువారిని పిలిచెను. ఒక్క నాణెము! సంతలో నిలిచి చాటితే నవ్వుదురు. ఆమె దీపము వెలిగించి ఇల్లు ఊడ్చి వెదకుటను ఎరిగినవారే ఆమెతోకూడ సంతోషింపగలరు. పౌలు కొలొస్సయి సంఘమునకు వ్రాయుచు, తన సంగతులన్నియు తుకికు, ఒనేసిము నోట మీకు తెలియునని చెప్పి ఊరకుండెను. పత్రికలో పట్టని ఆ చిన్న సంగతులను ఇద్దరు మనుష్యులు మోసికొనిపోయిరి. ఆయన ఏమి తినెనో, చలికి ఎట్లున్నాడో, ఎవరు చూడవచ్చిరో, అవియే కాబోలు.

మరి మనము చిన్న సంతోషమును ఎందుకు దాచెదము? దిష్టి యను భయముచేత. పంట ఎట్లున్నదని అడిగితే, గింజ బరువుకు కంకి వంగియున్నను, "ఏదో ఉన్నదయ్యా" అందుము. బిడ్డకు పండ్లు వచ్చినవని చెప్పము; గేదె పాలు ఎక్కువిచ్చినదని చెప్పము. విశ్వాసులమైన పిమ్మట గుమ్మమునకు గుమ్మడికాయ కట్టుట మానితిమి గాని, దానిని తెచ్చి నాలుకకు కట్టుకొంటిమి. పొరుగువాని కన్ను తగులునని భయపడువాడు ఆ పొరుగువానిని గూర్చి ఏమి తలంచుచున్నాడు? నా మేలు చూచి వీడు కీడు కోరుననియే గదా. ప్రక్క బల్లమీద కూర్చుండి ప్రభువు బల్లలో పాలుపొందు సహోదరుని గూర్చి లోలోపల అట్టి తీర్పు చెప్పుకొని, పైకి వందనములు చెప్పుచున్నాము.

ఎలీసబెతు తన ముసలితనమున గర్భము ధరించి అయిదు నెలలు మరుగుననుండెను. ఆమె యెందుకట్లుండెనో వ్యాఖ్యానము చేయువారు పలువిధములుగ చెప్పుదురు. నేను ఆ వాదములోనికి పోను. కాని బిడ్డ పుట్టినప్పుడు పొరుగువారును బంధువులును విని ఆమెతోకూడ సంతోషించిరని లూకా ప్రత్యేకముగా వ్రాసినాడు. గొడ్రాలన్న నింద మోసిన యేండ్లన్నిటిలో ఆ పొరుగువారే ప్రక్కననుండిరి. వారి కన్ను ఆ బిడ్డకు తగులలేదు.

అయితే సంతోషమును చెప్పుటలోను పాపమున్నది. పెనిన్నాకు బిడ్డలుండిరి. అది చిన్న సంతోషము కాదు, పెద్దదే. ఆమె దానిని హన్నాను ఏడిపించుటకు వాడుకొనినది. హన్నా భోజనము మానినది. పెండ్లి కాని కుమార్తెలున్న ఇంటికి పోయి తన కోడలు తెచ్చిన సామానులు లెక్కించు అమ్మలు మనలోను కలరు. కనుక ఎప్పుడు చెప్పవలెను, ఎప్పుడు మానవలెనని యొకడడిగితే, నేను ఇంతమాత్రము చెప్పగలను: ఎవరి దుఃఖమును నీవు కూర్చుండి వింటివో వారియొద్దకే నీ సంతోషముతో పొమ్ము. వారి ఏడుపు వినని నోట నీ సంతోషము వారికి గర్వముగా వినబడును, అది గర్వమే కూడ. రోమా పత్రిక 12వ అధ్యాయములో పౌలు సంతోషించువారితో సంతోషించుటను ముందు పెట్టి, ఏడ్చువారితో ఏడ్చుటను వెనుక పెట్టినాడు. ఏడ్చువానితో ఏడ్చుటకు మనస్సులో కొంచెము మెత్తదనము చాలును. పొరుగువాని ఎడ్లు మన ఎడ్లకన్న బలిసినప్పుడు అతనితో సంతోషించుటకు దేవుని ఆత్మ యొక్క పని కావలెను. ఇరువదియేండ్లకు పైగా బోధించుచున్నను ఈ రెండవది సులభమని చెప్పినవానిని నేను చూడలేదు.

మన సంఘములలో సాక్ష్యముల సమయము ఒకటి యున్నది. అక్కడ కూడ వింతకే చోటు. డాక్టర్లు చేయి విడిచిన రోగము బాగైనదనియు, లారీ క్రింద పడి లేచితిననియు చెప్పువారే లేతురు. దేవునికి స్తోత్రము, అట్టివి చెప్పవలసినవే. అయితే అవి లేనివారు సంవత్సరమంతయు నోరు మూసికొని కూర్చుందురు. దేవుడు తమకేమియు చేయలేదేమోనని వెళ్లిపోవుదురు. అందుచేత కొన్ని గ్రామములలో బుధవారపు గృహప్రార్థనయందు ఈ వారములో ఒక చిన్న మేలు చెప్పుడని అడుగుచున్నాము. మొదట ఎవరును చెప్పరు. తల వంచుకొందురు, కొంగు నోటికి పెట్టుకొందురు.

మొన్న ఒక ఊరిలో ఒక ముసలమ్మ లేచినది. ఆరు వారములు గుడ్డు పెట్టని తన ఎర్రకోడి ఆదివారమునుండి మరల పెట్టుచున్నదనినది. పిల్లలు నవ్విరి. ఆమెయు నవ్వినది. వెనుక వరుసలోనున్న ఒకామె, ఆ కోడికి ఏమి మేత వేసితివని అడిగినది. మరియొకామె తన ఇంటి కోడిని కుక్క పట్టుకొనిపోయిన సంగతి చెప్పినది. ఆ మాట విని ఎర్రకోడి యజమానురాలు, పొదిగించినప్పుడు నీకొక పిల్లనిత్తునని మాటయిచ్చినది. ప్రార్థన ఆ రాత్రి ఆలస్యముగా ముగిసినది.