తిన్నవా బిడ్డా?

నవల మీద నాలుగు డబ్బులొస్తే అమ్మను హైదరాబాదులో ఓ పెద్ద హోటలుకు తీసుకెళ్లాను. రెండు రోజులైనా ఆవిడ కూర్చుని తినాలని నా కోరిక. హోటలంటే మామూలుది కాదు. తోటలు, ఈతకొలను, నడిస్తే కాళ్లు పీకే వరండాలు. ఊళ్లో ఇంకో ఊరు! కింద హాల్లో గోడ మీద ఇత్తడి రేకు పని చూసి అమ్మ ఆగిపోయింది. "ఇది మన పెంబర్తోళ్ల పని గదనే!" జనగామ పక్కనున్న ఆ ఊరి పనితనం, మానుకోట నుంచి వచ్చిన మనిషికి చుట్టంలా కనిపించింది.

మర్నాడు నేను లేచేసరికి అమ్మ దుప్పట్లు మడతపెట్టేసింది. గది సర్దడానికొచ్చిన పిల్ల బిత్తరపోయింది. "మీరే చేసుకుంటే నాకు పనేముందమ్మా?"

"తిన్నవా బిడ్డా?" అంది అమ్మ.

డ్యూటీ అయ్యాక తింటుందట. భూపాలపల్లి పిల్ల. అమ్మ సకినాల పొట్లం విప్పింది. "తీసుకోవద్దమ్మా, రూలు" అని నవ్వేసి వెళ్లిపోయింది.

డబ్బు పుచ్చుకుని చేసేది మర్యాదే కాదని మనం తీసిపారేస్తాం. నేనూ అన్నదాన్నే. కానీ ఉత్తినే జరిగిన మర్యాద ఎక్కడుంది, చెప్పండి? ఫలక్‌నుమాలో 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉంది. 2010 నుంచి అదీ హోటలే, ఇప్పుడు బిల్లిస్తారు. నిజాం నవాబు అతిథులకు బిల్లు లేదు. మరి ఆ ఖర్చు? శిస్తులు కట్టిన మా తాతల్లాంటి వాళ్లదే. మా ఇంట్లోనూ అంతే. వేళకాని వేళ ఎవరొచ్చినా నాన్న "భోంచేసి వెళ్లండి" అనేవారు. ఊరంతా ఆయన్ని ధర్మాత్ముడనేది. పొయ్యి మళ్లీ అంటించేది మాత్రం అమ్మ. గది సర్దే ఆ పిల్లకు కనీసం నెల తిరిగితే జీతం వస్తుంది.

వచ్చేటప్పుడు బిల్లు అమ్మకు చదివి వినిపించాను. గది, కాఫీ, ఇస్త్రీ, అన్నీ విడివిడిగా. "గిట్ల రాసుకుంట పోతే మీ నాయిన నాకెంత బాకీ ఉండెనో!" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆయనకంటే ఎక్కువ ఆవిడ చేతి వంట తిన్నది నేనే మరి.

కారెక్కబోతూ అమ్మ మళ్లీ లోపలికెళ్లింది. ఆ పిల్లకు ఆ రోజు సెలవట. తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడి చేతిలో పొట్లం పెట్టి, "రూలు గీలు అనకు, తిను" అని గదమాయించి వచ్చింది.