ముందు ఎవరి మంచం దగ్గరికి?

కొన్నేళ్ళ క్రితం జరిగిన సంగతి ఇది. జ్వరం, దానికి తోడు షుగర్ బాగా పెరగడంతో మా అబ్బాజాన్‌ను ఒక ఆసుపత్రిలో చేర్చాం. రాత్రి పదకొండు దాటింది. వార్డులో ముప్పై మంచాలు. డ్యూటీలో ఉన్నది ఒకే ఒక్క సిస్టరు, ఆమెకు సాయంగా ఒక ఆయమ్మ. అబ్బాజాన్ సెలైన్ సీసా అయిపోవచ్చిందని వెళ్ళి చెప్పాను. సిస్టరు చివరి మంచం దగ్గర ఉంది. ఆ మంచం మీద పొలం నుంచి తీసుకొచ్చిన ఓ కుర్రవాడు. "వస్తానండీ, మీ నాన్నగారికి ప్రమాదం లేదు" అంది, తల ఎత్తకుండానే. పది నిమిషాల్లో మరో రెండుసార్లు వెళ్ళాను. అదే జవాబు. నాలుగోసారి వెళ్ళలేదు, ఫోన్ చేశాను. నాకు తెలిసిన ఒకాయనకు నేను, ఆసుపత్రిలోని పైవారికి ఆయన, సిస్టరుకు ఆ పైవారు. అయిదు నిమిషాలు తిరక్కుండా ఆమె ఆ మంచం వదిలి మా మంచం దగ్గరికి వచ్చింది. ఆ క్షణాన నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. అల్లాహ్ నన్ను క్షమించుగాక! ఆమె సీసా మారుస్తుండగానే చివరి మంచం దగ్గర్నుంచి ఆయమ్మ కేక వినిపించింది. సిస్టరు పరుగెత్తింది. తెల్లవారేసరికి ఆ మంచం ఖాళీగా ఉంది. కుర్రవాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారో, మరేమయిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ రాత్రి గురించి అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవలసింది ఎవరు? ఫోన్ చేసిన నేనా? నా మాట మోసుకెళ్ళిన పెద్దమనిషా? ఆజ్ఞ ఇచ్చిన అధికారా? మంచం వదిలి వచ్చిన సిస్టరా? తన చేతికి మించిన పని నెత్తిన పడిన ఆయమ్మా? ఇది ఆసుపత్రి నిబంధనల ప్రశ్న మాత్రమే అనుకునేవారున్నారు. నా ఉద్దేశంలో ఇది అమానత్‌కు సంబంధించిన ప్రశ్న.

అమానత్ అనగానే మనకు ఎవరో దాచుకోమని ఇచ్చిన డబ్బు, నగలు గుర్తొస్తాయి. దివ్యఖుర్ఆన్ ఆ మాటను ఇంకా విశాలంగా వాడింది. అమానత్‌లను వాటి హక్కుదారులకే అప్పగించాలని 'నిసా' సూరా 58వ ఆయతు ఆదేశిస్తోంది. హిజ్రీ 8లో మక్కా విజయం నాడు కాబా గృహం తాళంచెవి విషయంలో ఇది అవతరించిందని వ్యాఖ్యాతలు రాశారు. ఆ గౌరవం తమకు దక్కాలని దైవప్రవక్త (స) సొంత బంధువులే ఆశించారు. అయినా తాళంచెవి తిరిగి ఉస్మాన్ బిన్ తల్హా (రజి) చేతికే చేరింది. సిఫార్సుకు అంతకన్నా దగ్గరి చుట్టరికం ఎక్కడ దొరుకుతుంది? అక్కడే అది చెల్లలేదు.

నర్సు చేతిలో ఉన్న సమయం కూడా అలాంటి అమానతే. అది ఆమె సొంత ఆస్తి కాదు, నచ్చినవారికి పంచిపెట్టడానికి. అధికారి ఆస్తి అంతకన్నా కాదు. ఆ సమయానికి హక్కుదారు ఎవరు? ఆ ఘడియలో ఎవరి ప్రాణం ఎక్కువ ప్రమాదంలో ఉందో వారు. ఈ మాట అనడం తేలికే. కాని ఆ మనిషిని గుర్తుపట్టడం ఎంత కష్టమో మన దివిసీమ వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి, అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రి వార్తల్లోకెక్కింది. కోడూరు, నాగాయలంక, మోపిదేవి వైపు వరిచేలలో, గట్ల మీద పనిచేసేవారికి ఆ భయం ప్రతి ఏడూ ఉండేదే. ఒకే సమయానికి ఇద్దరు పాముకాటు రోగులు వచ్చారనుకుందాం. ఒకరి వెంట పదిమంది బంధువులు, ఏడుపులు, కేకలు. ఆయన్ను కరిచింది విషం లేని పామే కావచ్చు, భయంతో వణికిపోతున్నాడు. రెండోవాడు కూలిమనిషి, గోడకానుకొని నిశ్శబ్దంగా కూర్చున్నాడు. రాత్రి నేల మీద పడుకున్నప్పుడు ఏదో కుట్టినట్టుందంటాడు. కడుపులో నొప్పి అంటాడు. గాయం దగ్గర వాపు లేదు, మంట లేదు. అది కట్లపాము కాటయితే అలాగే ఉంటుంది. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, ఆ తర్వాత ఊపిరే ఆగిపోతుంది. అరుపులు వచ్చిన వైపు పరుగెత్తే నర్సు ఈ రెండోవాణ్ణి పోగొట్టుకుంటుంది. తెలిసిన నర్సు ముందుగా వాలుతున్న కనురెప్పల వైపు చూస్తుంది.

ఈ దృశ్యం ఊహించుకున్నప్పుడల్లా నాకు 'అబస' సూరా గుర్తుకొస్తుంది. మక్కాలో దైవప్రవక్త (స) ఖురైష్ నాయకులతో మాట్లాడుతున్నారు. వారు ధర్మం స్వీకరిస్తే ఎంతోమందికి మేలు జరుగుతుందన్న ఆశ ఆయనది. అంతలో అంధుడైన అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి తనకు బోధించమని కోరారు. దైవప్రవక్త (స) ముఖం చిట్లించి అటు తిరిగారు. వచ్చినవారికి ఆ చిట్లింపు కనిపించనైనా కనిపించదు. అయినా అల్లాహ్ దాన్ని చూసి, ప్రళయం దాకా పఠించబడే వాక్కుతో హెచ్చరించాడు. ఈ సూరా వైద్యం గురించి అవతరించింది కాదు, నిజమే. కాని ఎవరి హోదా ఎంత అన్నదాన్ని బట్టి కాక, ఎవరి అవసరం ఎంత అన్నదాన్ని బట్టి ముఖం తిప్పాలన్న పాఠం అందులో లేదని ఎవరనగలరు? ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్ సైన్యంలో లారే అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. గాయం తీవ్రతే చూడాలి తప్ప సైనికుడి హోదా చూడకూడదని ఆయన పెట్టిన పద్ధతిని ఇప్పటికీ ప్రపంచమంతా గొప్పగా చెప్పుకుంటుంది. మన ఇళ్ళలో పిల్లలు కంఠస్థం చేసే చిన్న సూరాలో ఆ పునాది పన్నెండు వందల ఏళ్ళ ముందే ఉంది.

ఇక రెండో ప్రశ్న. ఒక్క మనిషి ముప్పై మంచాలు చూడలేదు. పని పంచక తప్పదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి 10 వేల మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు, చేతులు చాలక, చదువూ శిక్షణా లేనివారు కూడా సేవకు దిగవలసి వచ్చింది. అంత విపత్తు లేని మామూలు రాత్రుల్లో కూడా నర్సు తన పనిలో కొంత ఇతరులకు అప్పగిస్తుంది. అయితే ఏది అప్పగించవచ్చు, ఏది అప్పగించకూడదు?

ఆ పాముకాటు మంచం దగ్గరే చూద్దాం. డ్యూటీ డాక్టరును పిలుచుకురావడం, ఆక్సిజన్ సిలిండర్ తీసుకురావడం, స్ట్రెచర్ తోయడం, బంధువులను బయటికి పంపడం ఎవరికైనా అప్పగించవచ్చు. రక్తపింజర కాటేమోనన్న అనుమానం ఉంటే, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డ కట్టిందా లేదా చూస్తారు. ఆ గొట్టాన్ని ఎవరూ కదిలించకుండా కాపలా కాయమని ఆయమ్మకు చెప్పవచ్చు. గడ్డ కట్టిందో లేదో తేల్చవలసింది మాత్రం నర్సు లేక డాక్టరు. విషానికి విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టాక, కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి, బి.పి. పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే మొదటి పావుగంట అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకొని మంచం పక్కనే ఉండాలి. ఆ పావుగంటను ఆయమ్మకు అప్పగించడం పని పంచడం కాదు, ఆయమ్మకూ అన్యాయమే. పనివారి మీద వారి శక్తికి మించిన భారం వేయవద్దని, వేయవలసి వస్తే మీరూ చేయి వేయండని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది.

అప్పగించడమంటే ఏమిటో నేర్చుకోవాలంటే మస్జిదె నబవీలో వెలసిన ఒక గుడారం దగ్గరికి వెళ్ళాలి. హిజ్రీ 5లో కందక యుద్ధంలో సఅద్ బిన్ మఆజ్ (రజి) చేతి నరానికి బాణం తగిలింది. అస్లమ్ తెగకు చెందిన రుఫైదా (రజి) అనే మహిళ గాయపడినవారికి చికిత్స చేసేవారు. సఅద్ (రజి)ను ఆమె గుడారంలో ఉంచమని దైవప్రవక్త (స) ఆదేశించారు. గమనించండి, సఅద్ (రజి) సామాన్యులు కారు, ఔస్ తెగ నాయకులు. అంతటివారిని ఒక మహిళ చేతికి అప్పగించడానికి కారణం ఆమెకు ఆ పని తెలియడమే. అప్పగించి ఊరుకున్నారా? లేదు. ఉదయం ఎలా ఉంది, సాయంత్రం ఎలా ఉంది అని స్వయంగా వెళ్ళి అడిగేవారు. రక్తం ఆగడానికి ఆ గాయానికి తానే వాత పెట్టారని కూడా ఉల్లేఖనం ఉంది. కాని ఆమె పనిని ఆమె చేతి నుంచి లాక్కోలేదు. చివరికి ఆ గాయం తిరగబెట్టి, రక్తం గుడారం బయటికి పారి, సఅద్ (రజి) కన్నుమూశారు. అంతటి శ్రద్ధ ఉన్నా ఫలితం అల్లాహ్ చేతిలోనే ఉండింది. రోగి చనిపోగానే నర్సు మీద చేయిచేసుకునే మనవాళ్ళు ఈ భాగం కూడా చదవాలి.

అప్పగించినవాడు తర్వాత ఎలా లెక్క అడగాలో మూసా (అ) వృత్తాంతంలో ఉంది. తనకన్నా హారూన్ (అ) బాగా మాట్లాడగలడని ఒప్పుకొని, ఆయన్ను తనకు సహాయకుడిగా ఇమ్మని మూసా (అ) అల్లాహ్‌నే అడిగారు. తన లోటు తెలిసినవాడే సరైన సహాయకుణ్ణి కోరుకుంటాడు. తర్వాత నలభై రాత్రుల కోసం వెళ్తూ జాతిని హారూన్‌కు అప్పగించారు. చేయవలసిందీ చేయకూడనిదీ స్పష్టంగా చెప్పారు. తిరిగొచ్చేసరికి జాతి ఆవుదూడను పూజిస్తోంది. కోపంతో సోదరుడి తల పట్టి లాగారు. జనం తనను బలహీనుణ్ణి చేసి చంపబోయారని హారూన్ (అ) చెప్పుకున్నారు. మూసా (అ) విన్నారు. విన్న తర్వాత చేసిన ప్రార్థన చూడండి, తన కోసమూ సోదరుని కోసమూ కలిపి క్షమాపణ కోరారు. అప్పగించినవాడు తనను విడిగా నిలబెట్టుకోలేదు.

ఇక్కడే ఆ రాత్రి నాటి అధికారి నాకు గుర్తొస్తాడు. ముప్పై మంచాలకు ఒక్క సిస్టరును వేసిందీ, ఏ మంచం దగ్గర ఏముందో అడగకుండా ఫోన్‌లో ఆజ్ఞ ఇచ్చిందీ ఒక్కరే. చివరి మంచం సంగతి ఒక్క మాట అడిగి ఉంటే! నిజానికి వార్డులో పెద్దగా ఉన్నవారి మొదటి పని ఆజ్ఞలివ్వడం కాదు, కింద పనిచేసేవారి మీద ఇలాంటి ఒత్తిడి పడకుండా అడ్డు నిలవడం. "ఆమె ప్రాణాపాయంలో ఉన్నవాడి దగ్గర ఉంది, రాలేదు" అని పెద్దమనిషికి జవాబు చెప్పగల హెడ్ నర్సు ఒక్కరుంటే, సిస్టరు తన ఉద్యోగానికీ ఆ కుర్రవాడి ప్రాణానికీ మధ్య నలిగేది కాదు. ఆమె తప్పు లేదని నేననను. సృష్టికర్తకు అవిధేయతగా సృష్టిలో ఎవరి మాటా వినరాదన్నది మన ధర్మం. కాని చిన్న ఉద్యోగి భయానికీ, పెద్దవాడి నిర్లక్ష్యానికీ తూకం ఒకటే అయితే అది న్యాయం కాదు.

మీలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరినీ వారి మంద గురించి ప్రశ్నించడం జరుగుతుందన్న హదీసు మనందరికీ తెలిసిందే. ఒక రాత్రి ఆకలితో ఏడుస్తున్న పిల్లల కోసం హజ్రత్ ఉమర్ (రజి) పిండిబస్తా తానే భుజానికెత్తుకున్నారు. సేవకుడు అస్లమ్ నేను మోస్తానంటే, ప్రళయదినాన నా భారం నువ్వు మోస్తావా అన్న అర్థంలో మందలించారు. ఉమర్ (రజి) పనులు అప్పగించడం తెలియనివారు కారు. ఈజిప్టు నుంచి ఇరాక్ దాకా గవర్నర్లను నియమించినవారే. బస్తా ఎవరి భుజం మీదున్నా లెక్క తన పేరు మీదే ఉంటుందని ఆయనకు తెలుసు.

బందరులోనూ, గుడివాడలోనూ నర్సింగ్ చదువుతున్న మన ఆడపిల్లలను చూస్తున్నాం. రాత్రి డ్యూటీ అనీ, పరాయి రోగులనీ పెళ్ళి సంబంధాల దగ్గర ఇంకా ముఖం చిట్లించే కుటుంబాలున్నాయి. ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధాల్లో గాయపడినవారికి సేవ చేశారన్న సంగతి వారికెవరూ చెప్పలేదేమో. అదే కుటుంబాలు తమవారు మంచమెక్కినప్పుడు మాత్రం సిస్టరు పరుగెత్తుకు రావాలంటాయి. నేనూ అలాంటివాణ్ణే కదా.

ఆ రాత్రి సిస్టరు అబ్బాజాన్ సీసా మారుస్తూ గొట్టం మధ్యలో ఉన్న చిన్న చక్రం చూపించింది. "నీళ్ళు సీసా మెడ దాకా దిగాక దీన్ని ఇలా కిందికి తిప్పితే ఆగిపోతుందండీ. మీరే తిప్పవచ్చు. నేను ఎప్పుడొచ్చినా ఫరవాలేదు" అంది. ఆయమ్మ కేక వినిపించింది అప్పుడే.